‘కాస్త నీరసం, అంతే’

"నొప్పి పదికి ఎంత ఉంది తాతా?" అని డాక్టర్ కిరణ్ కుమార్ అడిగాడు. బల్ల మీద కూర్చున్న ముసలాయన కాసేపు ఆలోచించి "రెండు బాబూ" అన్నాడు. పక్కన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ సన్యాసమ్మకు నవ్వు ఆగలేదు.

"ఎందుకమ్మా నవ్వుతున్నారు?"

"ఈ తాత రెండంటే ఎనిమిదని రాసుకోండి బాబూ. పోయినేడు ఇంజనులో పడి ఏలు తెగిపోతే, కాస్త గీరుకున్నాదని గుడ్డ సుట్టుకొని వచ్చినాడు."

"తెగిందేటి, సివర ముక్కేగదా పోనాది" అని ముసలాయన చిన్నబుచ్చుకున్నాడు.

డాక్టరు ఈసారి కడుపు మీద చెయ్యి వేసి నొక్కాడు. ముసలాయన ముఖం నల్లబడిపోయింది. అడగ్గా అడగ్గా, మూత్రం ‘సరిగ్గా రావడం నేదు’ అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే నిన్న పొద్దుట నుంచి. సరిగ్గా అంటే ఎంత అంటే, అసలు చుక్క కూడా లేదు. గొట్టం వేసి ఆ బాధ తీర్చాక కిరణ్ కుమార్ చేతులు కడుక్కుంటూ సన్యాసమ్మ వైపు చూశాడు. ఆయనది గుంటూరు వైపు. అక్కడ గోరు చుట్టు లేచినా ఊరంతా తెలిసేలా చెప్పుకుంటారు. ఈ ఉద్దానం తీరంలోని ఆరోగ్య కేంద్రానికి వచ్చి నెలైంది. అందరూ ‘కాస్త’ అంటారు, ‘కూసింత’ అంటారు, ‘అంతే’ అంటారు. ఆ అంతే వెనకాల ఎంత ఉందో ఆయనకు అంతు చిక్కడం లేదు.

"మీకెలా తెలుస్తుందమ్మా?" అని అడిగాడు.

సన్యాసమ్మ తర్వాతి రోగిని లోపలికి పిలిచింది. అది ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు.

ఆమెది ఎర్రగెడ్డపేట. వజ్రపుకొత్తూరు దాటి, కొబ్బరితోటల్లోంచి దిగితే ఇసుక మీద నూటయాభై గడప. అందరూ వేట మీద బతికేవాళ్లే. ఆ ఊళ్లో దేన్నీ ఉన్నంత పెద్దగా చెప్పరు. పెద్ద తుపాను వచ్చి పడవలన్నీ తోటల్లోకి ఎగిరిపడిన మర్నాడు కూడా, పలాస నుంచి చుట్టాలు ఫోన్ చేస్తే "గాలి కాస్త గట్టిగా ఏసినాది" అన్నారు. నోటితో పెద్ద మాట అంటే ఆపద నిజంగానే పెద్దదై కూర్చుంటుందని ఒక జంకు. అదీకాక, రేపు తెల్లారకుండా మళ్లీ ఆ నీళ్లలోకే దిగాల్సిన మగవాడు, ఇవాళ దాని గురించి పెద్దగా మాట్లాడి ఇంట్లోవాళ్లను భయపెట్టడం తప్ప ఏం చేయగలడు?

సన్యాసమ్మ కూడా ఆ మాటల్లోనే పుట్టి పెరిగింది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఢిల్లీరావును చేసుకుంది. అతను చెయ్యి తిరిగిన వేటగాడు. కోనాం చేప ఎక్కడ తిరుగుతుందో నీటి రంగు చూసి చెప్పేవాడు. ముప్పైయారేళ్లు వచ్చాక ఒక వేసవిలో, వల దులుపుతూ మధ్యలో కూర్చుండిపోయాడు.

"ఏటయినాది?" అని అడిగితే "కాస్త నీరసం, అంతే" అన్నాడు.

ఆ మాట ఎనిమిది నెలలు నడిచింది. కూర సయించకపోతే నీరసమే, మెట్టు ఎక్కితే ఆయాసం వచ్చినా నీరసమే. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోతే "ఉప్పుగాలి పడినాదిలే" అన్నాడు. ఊళ్లోకి మోటారు సైకిలు మీద వచ్చే వైద్యుడు ఒకాయన ప్రతిసారీ ఒక సూది పొడిచి "ఏం పర్లేదమ్మా, బలానికి ఇచ్చాను" అని వెళ్లేవాడు. సన్యాసమ్మ ఆ ‘పర్లేదు’ను ముడివేసిన కొంగులా పట్టుకుని తిరిగింది. చివరికి విశాఖపట్నం తీసుకెళ్లేసరికి రెండు కిడ్నీలూ ఎప్పుడో పోయాయని చెప్పారు. అక్కడ పదకొండు రోజులున్నాడు. పన్నెండో రోజు పొద్దున కూడా, నర్సు వచ్చి ఎలా ఉందని అడిగితే, "బానే ఉన్నాది సిస్టరమ్మా" అన్నాడు. మధ్యాహ్నానికి పోయాడు.

ఏడుపు తగ్గాక సన్యాసమ్మను తొలిచేసింది ఒకటే ఆలోచన. అతను ఆమెకు అబద్ధం చెప్పలేదు. మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. తనకే వినడం రాలేదు. వల దులపడం మధ్యలో ఆపి కూర్చోవడమంటే ఢిల్లీరావు లాంటి మనిషికి అదెంత పెద్ద కేకో, ఇప్పుడు తెలుస్తోంది.

మూడేళ్ల తర్వాత ఊరికి ఆశా కార్యకర్త కావాలన్నారు. సన్యాసమ్మ వెళ్లి పేరు ఇచ్చింది. "మొగుడు పోయినదానివి, ఊరంతా తిరిగే పని నీకెందుకే?" అని అత్తగారు అడ్డం పడింది. "ఆయన పోనాడు కాబట్టే అత్తా" అని మాత్రం అంది.

మొదట్లో అందరిలాగే గడప దగ్గర నిలబడి "ఎలాగున్నారు?" అని అడిగేది. "బానే ఉన్నాం" అనేవారు. రిజిస్టరు నిండా బానే ఉన్నవాళ్లే. ఏడాదిలో ఆ బానే ఉన్నవాళ్లలో ఇద్దరు పోయారు. దాంతో ఆ ప్రశ్న మానేసింది. వెళ్లి గడప మీద కూర్చునేది. నిన్న ఏం కూర అని అడిగేది. తిన్నారా, గిన్నెలో వదిలేశారా? రాత్రి ఎన్నిసార్లు లేచారు? మాటల మధ్యలో పాదం పట్టుకుని బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేది. ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్లలో ఎవరు గంప నెత్తికెత్తుకోవడానికి ఈ మధ్య సాయం అడుగుతున్నారో కనిపెట్టేది. మెల్లగా ఆమెకు ఒక్కో ఇంటి మాట పట్టుబడింది. ఒకామె ‘కూసింత’ అంటే నిజంగా కూసింతే. ఆ పక్కింటాయన అదే మాట అంటే ఆటో పిలవాల్సిందే. ఒకాయన మాటకు ముందు నవ్వితే ఏమీ లేనట్టు. నవ్వకుండా ‘ఏటీ నేదు’ అంటే ఏదో ఉన్నట్టు.

ఆ చిన్న మాటలనే ఆమె తన పనికీ వాడుకునేది. రక్తపరీక్ష అంటే మగవాళ్లు పడవ చాటుకు పోయేవారు. తుపానుకు బెదరనివాళ్లు సూదికి బెదిరేవారు. "సీమ కుట్టినంత మావా, అది కూడా ఎర్రసీమ కాదు, నల్లసీమ" అని నవ్వించి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. ఆ తీరంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బు పేరు జనం ఎత్తరు కాబట్టి తనూ ఎత్తేది కాదు. "పాయింట్లు సూసుకుందాం రండి" అనేది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ లెక్కను అక్కడ అందరూ పాయింట్లనే అంటారు. అలా ఆ ఊళ్లో మూడొందలమందికి పైగా చేతులు చాపించింది. అయితే ‘పర్లేదు’ అనే మాట మాత్రం ఆమె నోట రాదు. ఫలితం కాగితం చూసి, బాగుంటే బాగుంది అంటుంది. లేకపోతే డాక్టరు దగ్గరకు నడు అంటుంది.

జానకిరామ్ ఆమెకు మరిది. ఢిల్లీరావు చిన్నాన్న కొడుకు. నలభై దాటని మనిషి, ఒంటి చేత్తో లంగరు లాగేవాడు. కిందటేడు రక్తపరీక్షల శిబిరంలో అతని పాయింట్లు 3.8 వచ్చాయి. ఉండాల్సిన దానికి మూడింతలు. సన్యాసమ్మ ఇంటికెళ్లి కూర్చుని చెప్పింది. "మిషను తప్పు సూపించి ఉంటాది ఒదినా" అని నవ్వి కొట్టిపారేశాడు. మాత్రలు రెండు నెలలు వేసుకుని మానేశాడు. ఆమె ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఏప్రిల్ మొదటి వారం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధానికి పది రోజులే ఉన్నాయి కాబట్టి ఊళ్లో ఏ పడవా ఒడ్డున నిలవడం లేదు. ఎండలు ముదిరాయి. ఆ రోజు తెల్లవారి ఏడింటికి, ఒక గర్భిణి ఇంటికి వెళ్లాలని సన్యాసమ్మ ఒడ్డు వెంట నడుస్తోంది. కూర్మనాథం పడవ నీళ్లలోకి దిగుతోంది. అరవై దగ్గర పడుతున్న కూర్మనాథం చుక్కాని దగ్గర నిలబడ్డాడు. ఇద్దరు కుర్రాళ్లు పైకెక్కారు. జానకిరామ్ మోకాలి లోతు నీళ్లలో పడవ అంచు పట్టుకుని నిలబడి, పైకి చెయ్యి చాచాడు. లోపలివాళ్లు లాగారు. ఎక్కాడు.

సన్యాసమ్మ ఆగిపోయింది. ఆ మనిషి పడవెక్కడం ఆమె ఇరవై ఏళ్లుగా చూస్తోంది. కెరటం లేచేటప్పుడు అంచు మీద చెయ్యి వేసి ఒక్క దూకు, అంతే. చెయ్యి అందించమన్న రోజు లేదు.

"జానకీ! ఏటయినాదిరా?" అని కేకేసింది.

"ఏటీ నేదొదినా. కాల్లు కాస్త బరువుగా ఉన్నాయి, అంతే."

నవ్వకుండా అన్నాడు. సన్యాసమ్మ చేతిసంచి ఇసుక మీద పడేసి, చీర కుచ్చిళ్లు దోపి, నీళ్లలోకి నడిచింది. ఏమిటా అని వాళ్లు చూస్తుండగానే పడవ అంచు పట్టుకుని, పడుతూ లేస్తూ లోపలికి ఎక్కి, వల మీద చతికిలబడి కూర్చుంది.

"దిగు సన్యాసమ్మా! ఇదేటి పని? వేట పోతాది" అని కూర్మనాథం అరిచాడు.

"పోతే పోనీ మావా. ఈడు దిగితేగాని నాను దిగను. నన్ను కూడా వేటకి తీసుకుపోతానంటే పద, నాకేటి."

"ఒదినా, నాకేటీ నేదని సెప్తన్నాను గదా" అన్నాడు జానకిరామ్.

"ఏటీ నేకపోతే మంచిదే. ఈ నీల్ల డబ్బా ఇలాగ ఎత్తు సూద్దాం."

ఇరవై లీటర్ల డబ్బా అది. జానకిరామ్ వంగాడు. మూడు జానలు లేపాడు. వేళ్లు జారిపోయాయి. డబ్బా పడి దొర్లింది. కూర్మనాథం చుక్కాని వదిలి, కుర్రాళ్లకు పడవ వెనక్కి తొయ్యమని సైగ చేశాడు.

ఆటోలో దారి పొడుగునా ఆమె అడుగుతూనే ఉంది. వారం రోజుల నుంచి నీరసం. దానికి ఏం తీసుకున్నావంటే, "వేడి సేసినాదని బొండాలు తాగుతున్నాను, రోజుకి నాలుగైదు" అన్నాడు. కిడ్నీ బాగోనివాళ్లకు కొబ్బరినీళ్లు విషంతో సమానమని ఆమెకు శిక్షణలో చెప్పారు. కొబ్బరి చెట్టు లేని ఇల్లు లేని ఊళ్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఆటోలోంచే కిరణ్ కుమార్‌కు ఫోన్ చేసింది.

డాక్టరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "ఏమవుతోందయ్యా?" అని జానకిరామ్‌ను అడిగాడు.

"ఏటీ నేదు బాబూ. మా ఒదిన ఊరికే గాబరా పడతాది."

కిరణ్ కుమార్ సన్యాసమ్మ వైపు తిరిగాడు. ఆమె రెండే మాటలు చెప్పింది. ఇయ్యాల పడవెక్కడానికి చెయ్యి చాపినాడు, వారం నుంచి రోజుకి అయిదు బొండాలు. డాక్టరు ఇంకేమీ అడగలేదు. ఛాతీ మీద తీగలు అంటించి గుండె పరీక్ష తీశాడు. కాగితం బయటికి వస్తుండగానే డాక్టరు ముఖం మారిపోయింది. గుండె నడక అప్పటికే తప్పుతోంది. నరానికి సూదిమందు ఎక్కిస్తూ, 108కి ఫోన్ చేయించి, సన్యాసమ్మతో పాటు తనూ బండెక్కాడు. పలాస కిడ్నీ ఆసుపత్రిలో ముందే చెప్పి ఉంచడం వల్ల, వెళ్లగానే రక్తం శుద్ధి చేసే మిషను మీద పడుకోబెట్టారు. బొండాల వల్ల రక్తంలో పొటాషియం చెప్పరానంత పెరిగిపోయిందని, సముద్రం మీదకు వెళ్లి ఉంటే రెండు గంటల్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయేవాడని అక్కడి పెద్ద డాక్టరు అన్నారు.

జానకిరామ్ భార్య జయశ్రీ మధ్యాహ్నానికి పలాస చేరుకుంది. సన్యాసమ్మను వరండాలో ఆపి, ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"సిన్నదేగదప్పా? నీరసమేనంట గదా? సిన్నదని సెప్పప్పా" అని తోడికోడలిని అక్క వరసన బతిమాలింది.

వరండాలో ఉన్న చుట్టాలందరూ సన్యాసమ్మ నోటి వైపే చూస్తున్నారు. చిన్నదే అనేస్తే పోయేదేముంది. ఆ పిల్ల గుక్క తిప్పుకుంటుంది, కాస్త అన్నం తింటుంది. సన్యాసమ్మకు ఎనిమిది నెలలు తను పట్టుకుని తిరిగిన ఆ సూదుల వైద్యుడి మాట గుర్తొచ్చింది. ఆ మాట తనకు ఇచ్చింది ఎనిమిది నెలల నిద్ర. తీసుకుపోయింది మనిషిని.

"సిన్నది కాదు జయా" అంది. "పెద్దదే. ఇయ్యాల గండం గడిసినాది, ప్రాణానికి ఏటీ అవదని డాట్రుబాబు సెప్పినారు. గాని జబ్బు పోదు. కిడ్నీలు సగానికి పైగా పోయినాయి. మిగిలింది కాపాడుకోవాలి. మాత్ర ఒక్క పూట తప్పకూడదు. బొండం ముట్టకూడదు. లంగరు లాగే పని ఇంక కుదరదు. ఇయన్నీ నువ్వే సూడాలి, ఆడు సెప్పడు."

జయశ్రీ ఆ చేతులు విదిలించి కొట్టింది. "నీ మొగుడు పోనాడని అందరూ పోవాలనా?" అంది. చుట్టాల్లో ఒకావిడ "అలాగ మొకం మీద అనీసినావేటి సన్యాసమ్మా" అని సణిగింది. సన్యాసమ్మ వెళ్లి మెట్ల మీద కూర్చుంది. సాయంత్రం దాకా అక్కడే ఉండి, జానకిరామ్ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడని తెలిశాక బస్సెక్కింది. ఇంటికెళ్లి, తలుపు వేసుకుని, చాలాసేపు ఏడ్చింది.

పదిహేను రోజులు జయశ్రీ ఆమెతో మాట్లాడలేదు. పదహారో రోజు పొద్దున్నే మందుల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఏది ఏ పూటో రాసియ్యప్పా, నాకు తికమకగా ఉన్నాది" అంది. ఇద్దరూ నేల మీద కూర్చుని, మాత్రల అట్టల మీద సూర్యుడి బొమ్మలు, చంద్రుడి బొమ్మలు వేసుకున్నారు. వెళ్లేటప్పుడు జయశ్రీ తల వంచుకుని అంది. "ఆ రోజు నువ్వు సిన్నదే అనీసి ఉంటే, ఇంటికొచ్చిన మర్నాడే వేటకి పంపించీదాన్ని."

కిరణ్ కుమార్ ఆ సంగతి మరిచిపోలేదు. టెక్కలిలో కొత్తగా చేరిన నర్సులకు శిక్షణ పెడితే, సన్యాసమ్మను వెంటబెట్టుకుని వెళ్లి మైకు ముందు నిలబెట్టాడు. అక్కడివాళ్లు ‘కాస్త’, ‘కూసింత’ లాంటి మాటలన్నీ ఒక జాబితాలా చెప్పమన్నారు. ఆమె కొంగు సర్దుకుని, ముందు వరసలోని నర్సు పిల్లల వైపు చూస్తూ మాట్లాడింది.

"మాటలు రాసుకుంటే రావమ్మా. ఒక్కో నోట్లో ఒక్కో కొలత. మనిషి ఏటంటన్నాడో ఇనండి, గాని నిన్న సేసిన పని ఇయ్యాల సేత్తన్నాడో నేదో సూడండి. మా ఊరోల్లు అబద్దాలకోరులు కారు. మనల్ని బయపెట్టకూడదని తగ్గించి సెప్తారు. ఆల్ల మంచితనానికి ఆల్లని బలి సెయ్యకండి."

కిరణ్ కుమార్ వెనక వరసలో నిలబడి విన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో, "పదికి ఎంత అని అడగడం నేను మానేశానమ్మా" అన్నాడు. సన్యాసమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. జానకిరామ్ ఒడ్డునే ఉంటున్నాడు. వలలు కడతాడు, ఇంజన్లు బాగుచేస్తాడు. పాయింట్లు నాలుగు దగ్గర నిలిచాయి. మిషను మీదకు మళ్లీ వెళ్లాల్సిన అవసరం ఇంకా రాలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా బొండం చేతికిస్తే, "నాకు కిడ్నీ జబ్బు, తాగకూడదు" అని నలుగురిలో గట్టిగానే అంటాడు. మొదటిసారి అలా అన్నప్పుడు పందిట్లో మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆగడం లేదు.

మొన్న జనవరిలో శిబిరం పెట్టినప్పుడు, బల్లలు ఇంకా వెయ్యకముందే కూర్మనాథం వచ్చాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ రక్తపరీక్షకు చెయ్యి చాపని మనిషి. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సన్యాసమ్మా, మూడు రోజులయి ఒంటేలు నురగ కడతన్నాది. కల్లు ఉబ్బుతున్నాయి. నాకు బయంగా ఉన్నాది" అన్నాడు.

పదహారేళ్లుగా ఆ ఊరి గడపలన్నీ తొక్కిన సన్యాసమ్మ, ఒక మగవాడి నోట ఆ మాట వినడం అదే మొదలు. కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టింది. రిజిస్టరు తెరిచి, ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట మార్చకుండా రాసుకుంది. తర్వాత ఆయన చొక్కా చెయ్యి తనే పైకి మడిచింది.